48 రోజుల తాళం: వెంచురా కౌంటీ తుపాకీ షాపుల కేసు

లాస్ ఏంజెలెస్‌కి వాయవ్యంగా, పసిఫిక్ ఒడ్డున ఉంటుంది వెంచురా కౌంటీ. 2020 మార్చి 20న అక్కడి ఆరోగ్యాధికారి ప్రజలంతా ఇళ్లలోనే ఉండాలని, అత్యవసరమైనవి తప్ప వ్యాపారాలన్నీ మూసేయాలని ఉత్తర్వు ఇచ్చారు. కిరాణా, మందుల షాపులు, బ్యాంకులు తెరిచే ఉన్నాయి. సైకిళ్ల షాపులకూ అనుమతి దొరికింది. తుపాకీ షాపులు, తూటాలు అమ్మే షాపులు, షూటింగ్ రేంజ్‌లు మాత్రం జాబితాలోకి ఎక్కలేదు. అవి మళ్లీ తెరుచుకునేసరికి మే 7 వచ్చింది. లెక్కేస్తే 48 రోజులు. కొనాలనుకున్న కొందరు స్థానికులు, ఒక షాపు, ఒక రేంజ్, తుపాకీ హక్కుల సంఘాలు కలిసి కౌంటీ మీద ఫెడరల్ కోర్టుకు వెళ్లారు.

దక్షిణ కాలిఫోర్నియాలో చిన్న వ్యాపారాలకు లైసెన్సుల విషయంలో సలహాలివ్వడం నా వృత్తి. నా క్లయింట్లలో రెస్టారెంట్లు, డేకేర్లు ఎక్కువ, తుపాకీ వ్యాపారులు కొద్దిమంది. ఈ కేసులో నేను వకీలుని కాదు. అయినా ఆ వసంతకాలంలో నా బల్ల మీదికి వచ్చిన ప్రశ్నలన్నీ దీని చుట్టూనే తిరిగాయి కాబట్టి, పూర్తిగా రాసిపెట్టాలనిపించింది. తెలుగువాళ్లలో చాలామందికి అసలు ప్రశ్నే వింతగా అనిపిస్తుందని తెలుసు. కరోనాకీ తుపాకీ షాపుకీ ఏమిటి సంబంధం, నాలుగు రోజులు మూస్తే ఏం మునిగిపోయింది అంటారు. 2020 మే 4న ఆంధ్రప్రదేశ్‌లో మద్యం షాపులు తెరిచినప్పుడు ఆ క్యూలను చూసి మనమంతా అడిగింది కూడా ఇలాంటి ప్రశ్నే: ఇది అత్యవసరమా? అయితే మద్యం కొనడం రాజ్యాంగ హక్కు కాదు. అమెరికాలో తుపాకీ ఉంచుకోవడం హక్కే, రాజ్యాంగం రెండో సవరణలో ఉంది. ఇంట్లో ఆత్మరక్షణ కోసం తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కని 2008లో హెలర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ హక్కు రాష్ట్రాల మీదా, స్థానిక ప్రభుత్వాల మీదా పనిచేస్తుందని 2010లో మెక్‌డొనాల్డ్ కేసులో చెప్పింది. నచ్చినా నచ్చకపోయినా అక్కడి చట్టం అది. మిగతా చర్చంతా దాని మీద నిలబడి చేయాల్సిందే.

ఒకే గుమ్మం

కాలిఫోర్నియాలో తుపాకీ ఎలా కొంటారో తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు.

చేతి తుపాకీ కావాలంటే ముందు రాతపరీక్ష రాసి భద్రతా సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. తర్వాత లైసెన్సున్న డీలరు దగ్గరికి మనిషే స్వయంగా వెళ్లాలి. గుర్తింపు కార్డు చూపాలి, ఫెడరల్ ఫారం 4473 నింపాలి, రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్లే అమ్మకపు రికార్డు మీద వేలిముద్ర వేయాలి. తుపాకీని సురక్షితంగా పట్టుకోవడం, తూటాలు నింపడం, తీయడం సిబ్బంది ఎదుట చేసి చూపించాలి. ఆపైన 10 రోజులు ఆగాలి. ఈలోగా రాష్ట్రం నేరచరిత్ర తనిఖీ చేస్తుంది. 10 రోజులయ్యాక మళ్లీ అదే షాపుకి వెళ్లి తెచ్చుకోవాలి. మామూలు రోజుల్లో ఆ రికార్డు ఆయుష్షు 30 రోజులు. దాని పక్కన 48ని పెట్టి చూడండి.

తూటాలైతే ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చి ఇంటికి తెప్పించుకోవచ్చనుకుంటారు. కాలిఫోర్నియాలో అది కుదరదు. 2018 నుంచి తూటాలు కూడా లైసెన్సున్న వ్యాపారి ద్వారా ముఖాముఖిగానే చేతికి రావాలి. 2019 జూలై 1 నుంచి ప్రతి కొనుగోలుకీ తనిఖీ కూడా ఉంది. తెలిసినవాడి దగ్గర పాత తుపాకీ కొనుక్కుందామన్నా, కొద్దిపాటి మినహాయింపులు తప్పిస్తే, ఆ బదిలీ కూడా డీలరు కౌంటరు మీదుగానే జరగాలి.

వెనక దారులన్నీ ఒక్కొక్కటిగా మూసి, అందరూ ముందు గుమ్మం నుంచే రావాలని ఏళ్ల తరబడి చట్టాలు రాసింది రాష్ట్రమే. నేరగాళ్ల చేతికి ఆయుధాలు పోకుండా చేసిన ఏర్పాటది. నాకు అందులో తప్పేమీ కనిపించదు. కానీ అలా ఒకే గుమ్మం మిగిల్చాక దానికి తాళం వేస్తే అది షాపు మూతతో ఆగదు, కొనడమనే పనే ఆగిపోతుంది. పక్క కౌంటీకి వెళ్లి కొనుక్కుందామన్నా ఆ ప్రయాణాన్ని ఉత్తర్వు అనుమతించలేదు. పిటిషనర్ల వాదనలన్నిటిలో నా దృష్టిలో బలమైనది ఇదే. సైకిల్ షాపు తెరిచారు, మా షాపు మూశారు అన్న వాదన పత్రికలకు ఎక్కింది గానీ, కౌంటరు వెనక నిలబడ్డవాళ్లకి దాని బలహీనత తెలుసు.

ఎందుకంటే కౌంటీ వైపూ ఒక మాట ఉంది. సైకిల్‌ని షాపు బయట వదిలేసి సాయంత్రం తెచ్చుకోవచ్చు. తుపాకీ అమ్మకం అలా కాదు. పైన చెప్పిన ఫారాలు, వేలిముద్ర, చేసి చూపించడం అన్నీ ఒక గదిలో, ఇద్దరు మనుషులు బల్లకి అటూ ఇటూ నిలబడి చాలాసేపు చేసే పనులు. 2020 మార్చిలో అయితే షాపుల బయట బారులు తీరారు. ఎఫ్‌బీఐ తనిఖీ వ్యవస్థకి ఆ ఒక్క నెలలో 37 లక్షలకు పైగా అభ్యర్థనలు వచ్చాయి. అప్పటిదాకా ఏ నెలలోనూ అన్ని రాలేదు. ప్రతి తనిఖీ ఒక అమ్మకం కాదు, లైసెన్సు తనిఖీలు కూడా అందులో కలుస్తాయి. అయినా రద్దీ ఏ స్థాయిలో ఉందో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు. ఎన్95 మాస్కులు ఆసుపత్రులకే చాలని రోజులవి. టీకా మాట దేవుడెరుగు. ఒక ఆరోగ్యాధికారి ఆ క్యూని చూసి భయపడ్డారంటే నేను తప్పుపట్టను. మొదటి వారంలో ఆ కుర్చీలో నేనున్నా మూసేసి ఉండేవాణ్ణేమో.

నా అభ్యంతరం మొదటి వారం గురించి కాదు. ఏడో వారం గురించి.

మిగతావాళ్లు ఏం చేశారు

అప్పటికి దేశమంతా ఇదే గొడవ. పెన్సిల్వేనియా గవర్నర్ టామ్ వుల్ఫ్ మార్చి 19న ప్రాణాధారం కాని వ్యాపారాలన్నీ మూయించారు. తుపాకీ షాపులు కోర్టుకెళ్తే రాష్ట్ర సుప్రీంకోర్టు మార్చి 22న కాదంది. అయితే జస్టిస్ డేవిడ్ వెక్ట్, మరో ఇద్దరు విభేదించారు. కొనుగోలు స్వయంగానే జరగాలని చట్టం చెబుతున్నప్పుడు దానికి ఏదో ఒక దారి వదలాలి కదా అన్నది వారి మాట సారాంశం. రెండు రోజులు తిరక్కుండా గవర్నరే దిగివచ్చారు. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకున్నవారికి, పరిమిత వేళల్లో, దూరం పాటిస్తూ అమ్ముకోవచ్చని మార్చి 24న సవరించారు. కోర్టులో గెలిచి కూడా సవరించుకున్నారు, గమనించండి. విభేదిస్తూ రాసిన తీర్పులు ఒక్కోసారి ఓడినవాళ్లకి ఇలా పనికొస్తాయి.

లాస్ ఏంజెలెస్‌లో పెద్ద ప్రహసనమే నడిచింది. షెరీఫ్ అలెక్స్ విల్లనువేవా మార్చి 24న తుపాకీ షాపులు అత్యవసరం కాదన్నారు. కౌంటీ న్యాయవాది అవి తెరిచి ఉండొచ్చన్నారు. షెరీఫ్ ఆగారు. మర్నాడు గవర్నర్ గావిన్ న్యూసమ్, ఇది ఏ కౌంటీ షెరీఫ్ ఆ కౌంటీలో తేల్చుకోవాల్సిన విషయమని చేతులు దులుపుకున్నారు. 26న షెరీఫ్ మళ్లీ మూయించారు. 28న ఫెడరల్ సైబర్ భద్రతా సంస్థ సీసా (CISA) తన కీలక సిబ్బంది జాబితాలో తుపాకీ తయారీదారులు, అమ్మకందారులు, షూటింగ్ రేంజ్‌ల ఉద్యోగుల్ని చేర్చింది. 30న షెరీఫ్ వెనక్కి తగ్గారు. సీసా జాబితా సలహా మాత్రమే, ఎవరినీ కట్టడి చేయదు. మా క్లయింట్లు కొందరు దాన్ని ప్రింటు తీసి షట్టరుకి అంటించి తెరుస్తామంటే వద్దని చెప్పాల్సి వచ్చింది.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది మసాచుసెట్స్ కేసు. గవర్నర్ చార్లీ బేకర్ ప్రభుత్వం మార్చి 31న తుపాకీ షాపుల్ని అత్యవసర జాబితాలో చేర్చి, కొన్ని గంటల్లోనే తీసేసింది. మే 7న ఫెడరల్ జడ్జి డగ్లస్ వుడ్‌లాక్ ఆ మూతను ఆపుతూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. మొత్తం తలుపులు తెరిచేయమని అనలేదు. ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు, అపాయింట్‌మెంట్ మీదే, గంటకు నలుగురికి మించకుండా అన్నారు. మే 9 మధ్యాహ్నం నుంచి అమల్లోకి వచ్చింది. న్యాయపాండిత్యం ప్రదర్శించే తీర్పులు చాలా చదివాను గానీ, కౌంటరు మీద అంటించుకుని పాటించదగ్గ తీర్పులు తక్కువ. ఇది అలాంటిది.

ఫెడరల్ స్థాయిలో కూడా దారి ఉంది. డీలర్లు తమ లైసెన్సు ఉన్న స్థలంలోనే కిటికీ దగ్గరగానీ, పార్కింగ్‌లో బల్ల వేసుకునిగానీ అమ్మకం ముగించవచ్చని, తుపాకీ లైసెన్సులు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ 2020 ఏప్రిల్ 10న స్పష్టం చేసింది. కాలిఫోర్నియాలో మార్చి, ఏప్రిల్ వాతావరణానికి ఆరుబయట బల్ల వేసుకోవడం కష్టమేమీ కాదు. చేసి చూపించే తంతు కూడా అక్కడే నడిపించవచ్చు. మిగిలింది కాగితాల పని, అది ఎక్కడైనా అవుతుంది. వెంచురా ఉత్తర్వు ఏప్రిల్‌లో సవరణకి వచ్చినప్పుడు, మూతకు ముందే మొదలుపెట్టిన కొనుగోళ్లు పూర్తి చేసుకోవడానికి కొంత వెసులుబాటు ఇచ్చింది. కొత్తవాళ్లకి ఎందుకివ్వలేదో చెప్పలేదు. మొదలుపెట్టినవాడికీ, మొదలుపెట్టబోయేవాడికీ వైరస్ తేడా చూడదు కదా.

కోర్టు మెట్లు

జిల్లా కోర్టు వెంచురా పిటిషన్‌ను విచారణ దాకా రానివ్వకుండానే కొట్టేసింది. 2020లో ఇలాంటి కేసులన్నిట్లో ప్రభుత్వాలు ఎత్తిచూపిన తీర్పు ఒకటుంది: 1905 నాటి జాకబ్‌సన్. మసూచి టీకా వేయించుకోనన్న ఒక పాస్టరుకి 5 డాలర్ల జరిమానా వేస్తే సుప్రీంకోర్టు సమర్థించింది. 5 డాలర్ల జరిమానా మీద వచ్చిన తీర్పును పట్టుకుని వ్యాపారాలు, ప్రార్థనలు, తుపాకీలు అన్నిటినీ మూయించవచ్చన్న వాదన కొన్నాళ్లు బాగానే చెల్లింది. 2020 నవంబరులో న్యూయార్క్ ప్రార్థనాలయాల కేసుతో దాని పట్టు సడలింది.

వెంచురా అప్పీలు తొమ్మిదో సర్క్యూట్‌లో, అంటే కాలిఫోర్నియా మీద అధికారం ఉన్న ఫెడరల్ అప్పీళ్ల కోర్టులో, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ముందుకు వచ్చింది. 2022 జనవరి 20న తీర్పు. రాసింది జడ్జి లారెన్స్ వాన్‌డైక్. కౌంటీ ఉత్తర్వు రెండో సవరణ హక్కు మీదే పడిందని, ఏ కొలబద్దతో చూసినా నిలవదని అన్నారు. షాపుల్ని పూర్తిగా మూయడం కాకుండా తక్కువ భారం పడే మార్గాలు పరిశీలించినట్టు కౌంటీ ఏ ఆధారమూ చూపలేదన్నది కీలకం. లాస్ ఏంజెలెస్ మూతను కూడా అదే ధర్మాసనం, అదే రోజు తప్పుపట్టింది.

తర్వాత వాన్‌డైక్ ఒక విచిత్రమైన పని చేశారు. తన తీర్పుకి తానే అనుబంధ అభిప్రాయం రాసుకున్నారు. ఈ సర్క్యూట్‌లో తుపాకీ హక్కు గెలిచిన ప్రతిసారీ అదే కోర్టులో ఎక్కువమంది జడ్జిలు కూర్చునే విస్తృత ధర్మాసనం దాన్ని తిరగదోడుతుందని, వాళ్ల శ్రమ తగ్గించడానికి ఆ వ్యతిరేక తీర్పు ముసాయిదా కూడా తానే రాసి ఇస్తున్నానని ఎగతాళి చేసి, చివర 'యువర్ వెల్కమ్' అని ముగించారు. వకీళ్లు చదివి నవ్వుకున్నారు. నాకైతే రుచించలేదు. గట్టి తీర్పు రాసిన చేత్తోనే దాన్ని జోకుగా మార్చడం క్లయింటుకి మేలు చేయదు. జోస్యం మాత్రం సగం ఫలించింది. మార్చిలోనే కేసును విస్తృత ధర్మాసనం తీసుకుంది. ముగ్గురి తీర్పు చెల్లకుండా పోయింది.

మిగతా సగం ఫలించకపోవడానికి కారణం బ్రూయెన్ కేసు. 2022 జూన్ 23న సుప్రీంకోర్టు న్యూయార్క్ లైసెన్సు చట్టాన్ని కొట్టేస్తూ, తుపాకీ ఆంక్షల్ని లాభనష్టాల త్రాసులో తూచే పద్ధతినే పక్కన పెట్టింది. ఆంక్షకి దేశ చరిత్రలో పూర్వరూపం ఉందని చూపించాల్సిన భారం ప్రభుత్వానిదేనంది. కొద్దిరోజుల్లోనే విస్తృత ధర్మాసనం వెంచురాలో జిల్లా కోర్టు తీర్పును రద్దు చేసి, కొత్త కొలబద్దతో చూడమని వెనక్కి పంపింది. ఇన్ని మెట్లెక్కినా, మహమ్మారిలో తుపాకీ షాపు మూయవచ్చా లేదా అనేదానిపై ఆ సర్క్యూట్ కట్టుబడాల్సిన తీర్పు ఈ దారిలో రాలేదు. 'తొమ్మిదో సర్క్యూట్ ఎప్పుడో తేల్చేసింది' అని ఎవరైనా మీతో అంటే నమ్మకండి.

బ్రూయెన్ పద్ధతి మీద నాకు మోజు లేదు. 1918 ఫ్లూలో నగరాలు సినిమాహాళ్లు, బడులు, చర్చిలు మూశాయి. దాన్ని తుపాకీ షాపుకి పూర్వరూపం అనాలా వద్దా అని చరిత్రకారుల్ని సాక్షులుగా పిలిచి తేల్చుకోవడం, గదిలో గాలి ఎలా తిరుగుతుందో అడగడం కన్నా ఏ విధంగా మెరుగు? వుడ్‌లాక్ లాంటి జడ్జి చేసిన ఆచరణసాధ్యమైన సర్దుబాటుకి ఆ పద్ధతిలో చోటు ఎక్కడో నాకు కనిపించదు.

రేంజ్‌ల సంగతి వేరు

పిటిషన్లలో షాపుల్నీ రేంజ్‌లనీ ఒకే తాటికి కట్టేశారు. నేనైతే విడదీస్తాను. షాపు మూస్తే హక్కు మొదలే కాదు. రేంజ్ మూస్తే సాధన ఆగుతుంది, తుపాకీ ఇంట్లోనే ఉంటుంది. సాధన కూడా హక్కులో భాగమే. షికాగో నగరం పర్మిట్‌కి రేంజ్ శిక్షణ తప్పనిసరి చేసి, నగరంలో రేంజ్‌లనే నిషేధిస్తే 2011లో ఏడో సర్క్యూట్ అడ్డుకుంది. కాలిఫోర్నియాలో తుపాకీ కొనడానికి కాల్చి చూపించక్కర్లేదు గానీ, దాన్ని దాచి వెంట తీసుకెళ్లే పర్మిట్ కోర్సులో కాల్చడం తప్పనిసరి. అలాంటి కోర్సుల మేరకు రేంజ్‌కి తలుపు తెరవాలి. సరదాకి వచ్చేవాళ్లు నాలుగు వారాలు ఆగితే రాజ్యాంగం కూలిపోదు.

వర్జీనియాలో లెక్క వేరేగా తేలింది. గవర్నర్ రాల్ఫ్ నార్థమ్ ఇండోర్ రేంజ్‌లని వినోద స్థలాల కింద మూయిస్తే, 2020 ఏప్రిల్ 27న లించ్‌బర్గ్ సర్క్యూట్ కోర్టు (ఇది రాష్ట్ర స్థానిక కోర్టు) అక్కడి రేంజ్‌కి అనుకూలంగా ఉత్తర్వు ఇచ్చింది. అక్కడి ఎమర్జెన్సీ చట్టంలోనే, ఆయుధ హక్కుని తగ్గించే అధికారం గవర్నరుకి లేదని రాసి ఉంది. 2005లో కత్రినా తుపాను తర్వాత న్యూ ఆర్లీన్స్‌లో పోలీసులు ప్రజల తుపాకులు లాక్కున్నారు. ఆ ఉదంతం తర్వాత పలు రాష్ట్రాలు ఇలాంటి రక్షణలు తెచ్చాయి, 2006లో కాంగ్రెస్ కూడా తెచ్చింది. కాబట్టి క్లయింటు ఏ రాష్ట్రంలో ఉన్నా నేను మొదట తెరిచేది రెండో సవరణని కాదు, ఆ రాష్ట్ర ఎమర్జెన్సీ చట్టాన్ని.

ఇండోర్ రేంజ్‌లో గాలి గురించి బయటివాళ్లకి తెలియని విషయం ఒకటుంది. సీసం పొగ ముక్కులోకి పోకుండా షూటరు వెనక నుంచి ముందుకు, తూటా వెళ్లే వైపుకి గాలి తోస్తారు. షూటరు నిలబడే గీత దగ్గర నిమిషానికి 75 అడుగుల వేగం ఉండాలని, పనిచోట్ల ఆరోగ్యం చూసే ఫెడరల్ సంస్థ నియోష్ సిఫారసు. బాగా నడిచే రేంజ్‌లో, మనిషికీ మనిషికీ మధ్య అడ్డుగోడ ఉన్న ఆ వరుస, చాలా ఆఫీసుల కన్నా నయం. ప్రమాదం లాబీలో ఉంటుంది. మామూలు ఏసీ నడిచే ఆ గదిలోనే సంతకాలు, భద్రతా పాఠం, అద్దె తుపాకులు, అందరూ పెట్టుకున్న ఇయర్‌మఫ్‌లు. ఉత్తర్వులు రాసేవాళ్లు లాబీనీ, కాల్చే వరుసనీ విడిగా చూసి ఉంటే సగం కేసులు పుట్టేవి కావు.

ఇంకో వైపు

తెరిచి ఉంచాలనే నా అభిప్రాయానికి గట్టి ఎదురుదెబ్బ అంటువ్యాధి వైపు నుంచి రాదు. 2020 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో కాలిఫోర్నియా మీదే ఒక అధ్యయనం వచ్చింది. 2 కోట్ల 60 లక్షల మంది వయోజనుల్ని 2004 నుంచి 2016 దాకా గమనించారు. చేతి తుపాకీ ఉన్న మగవాళ్లు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే ప్రమాదం, లేనివాళ్లతో పోలిస్తే సుమారు 8 రెట్లు. ఆడవాళ్లలో సుమారు 35 రెట్లు. మొదటి తుపాకీ కొన్న వెంటనే ఆ ప్రమాదం తారస్థాయిలో ఉంటుంది. ఉద్యోగాలు పోయి, నాలుగు గోడల మధ్య భయంతో కూర్చున్న జనం మొదటిసారి తుపాకీ కొంటుంటే, ఈ లెక్క చదివిన ఏ సలహాదారుకైనా గుండె గుబేలుమంటుంది. అదే అధ్యయనం, తుపాకీ యజమానుల్లో ఆ రకమైన ఆత్మహత్యలు సగానికి పైగా కొన్న ఏడాది దాటాకే జరిగాయని కూడా చెబుతుంది. ఏడు వారాల మూత ఆ రెండో సగాన్ని ఏమీ చేయలేదు. మొదటి రోజుల ఆవేశానికి 10 రోజుల నిరీక్షణ ఎలాగూ ఉంది. అయినా క్లయింట్లకు నేనొకటి చెబుతాను: మొదటిసారి కొనేవారితో తాళం, లాకర్ గురించి ఐదు నిమిషాలు అదనంగా మాట్లాడండి. కొందరు చేస్తారు, కొందరు నవ్వేస్తారు.

ఆ వసంతంలో ఆసియా ముఖాల మీద దాడుల భయం వల్ల మన కుటుంబాలూ షాపు దారి పట్టాయి. నాకు తెలుగులో వచ్చిన ఫోన్లు ఎక్కువగా ఇవే. "అన్నా, ఒకటి కొని పెట్టుకుంటే ఏమైనా ఇబ్బందా?" అని అడిగేవారు. హెచ్1బీ మీద ఉన్నవారికి నా జవాబు ఒకటే. వలసేతర వీసా ఉన్నవారు తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకున్నా అది దగ్గర ఉంచుకున్నట్టే. వారాంతం సరదాగా స్నేహితులతో వెళ్లి ఫొటో పెట్టుకోవడం గ్రీన్‌కార్డు దరఖాస్తుకి ముప్పు తెస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు.

కేసులు వేసేవాళ్ల కోసం ఒక ముక్క. ఎమర్జెన్సీ ఉత్తర్వులు కోర్టు వేగం కన్నా ముందే ముగిసిపోతాయి. కనెక్టికట్‌లో షాపులు తెరిచే ఉన్నా, పర్మిట్‌కి కావాల్సిన వేలిముద్రలు తీయడం ఆపేశారు. 2020 జూన్‌లో జిల్లా కోర్టు దాన్ని తప్పుపట్టింది. ఏడాది తర్వాత అప్పీలు కోర్టు, వేలిముద్రలు మళ్లీ మొదలయ్యాయి కనుక తేల్చడానికేమీ మిగల్లేదని ఆ ఉత్తర్వును తీసేసింది. ఉత్తర్వు ఆపమని మాత్రమే అడిగితే కేసు మధ్యలోనే చచ్చిపోతుంది. ఒక డాలరైనా సరే నష్టపరిహారం అడగాలి. జరిగిపోయిన హక్కుభంగానికి నామమాత్రపు పరిహారం కోరినా కేసు బతికే ఉంటుందని 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఉజుయెగ్బునమ్ కేసులో చెప్పింది.

ఇప్పుడు నా తుపాకీ క్లయింట్లందరి ఫైళ్లలో నాలుగు పేజీల పథకం ఉంటుంది. గంటకు నలుగురు అన్న వుడ్‌లాక్ లెక్క అందులో మొదటి పేజీ. పార్కింగ్‌లో బల్ల ఎక్కడ వేస్తారో గీసిన పటం, ఆ స్థలం లైసెన్సులో ఉన్న చిరునామా కిందికే వస్తుందన్న రుజువు రెండో పేజీ. రేంజ్ ఉంటే గాలి వేగం కొలిచిన తాజా రిపోర్టు, లాబీలో ఒకసారికి ఎందరన్న లెక్క తర్వాతవి. మళ్లీ మూత ఉత్తర్వు వస్తే ఇవి అదే రోజు కౌంటీ ఆరోగ్యాధికారికి చేరాలి. ఇంత తక్కువ భారంతో నడిపే మార్గం మీ ముందుందని రాతపూర్వకంగా చెప్పాక కూడా మూసేస్తే, వేరే మార్గం కనిపించలేదనే మాట కౌంటీ నోటి నుంచి రావడానికి వీలుండదు.